గోడలో దాక్కున్న గుంజలు

మా ఊళ్ళో గోడంటే గోడే. ఇటుకా, సున్నమూ! మేకు దిగనంటే దిగదు. దిగిందా, మనుమల కాలందాకా కదలదు. ఆ ధీమాతోనే 2019లో న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో సుత్తి పట్టుకున్నాను.

మా నాన్నగారి పటం. టేకు చట్రం, దళసరి అద్దం, 8 కిలోల బరువు. చీరల మడతల్లో పెట్టి విమానంలో తెచ్చింది మా ఆవిడ. రెండు దెబ్బలకే మేకు దిగిపోయింది. "చూశావా నా చెయ్యి!" అన్నాను. ఆ రాత్రి రెండింటికి దభీమని చప్పుడు. పటం కింద మనుమరాలి మంచం; పరుపు నిండా గాజు పెంకులు! ఒళ్ళు వెచ్చబడిందని పిల్లను ఆ పూట మా ఆవిడ తన పక్కలో పడుకోబెట్టుకుంది గనుక సరిపోయింది. మర్నాడు అబ్బాయి నన్నేమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది.

అక్కడ చాలా ఇళ్ళల్లో లోపలి గోడ ఒట్టి డొల్లండీ! కర్రగుంజలు వరసగా నిలబెట్టి, రెండు వైపులా అరంగుళం జిప్సం పలకలు బిగిస్తారు. బరువు మొయ్యాల్సింది ఆ గుంజే. దాన్ని వాళ్ళు స్టడ్ అంటారు. సాధారణంగా ఒకదాని నడుమనుంచి మరొకదాని నడుమకు 16 అంగుళాలు, కొన్నిచోట్ల 24. పలక వెడల్పు 48 అంగుళాలు గనుక ఏ లెక్కయినా సరిపోతుంది. గుంజ మందం మాత్రం ఒకటిన్నర అంగుళమే. అది దొరకబుచ్చుకోవడమే విద్య.

గోడను వేలితో కొడితే చప్పుడులో తేడా తెలుస్తుందంటారు. మద్దెల వాయించేవాళ్ళకు తెలుస్తుందేమో, నాకు తెలియలేదు. యంత్రాలూ అమ్ముతారు. మాకు అక్కరకొచ్చింది చిన్న గట్టి అయస్కాంతం. గోడ వెంట మెల్లగా జరిపితే, పలకను గుంజకు బిగించిన మరమేకు దగ్గర టక్కున అతుక్కుంటుంది. దానికి తిన్నగా పైనా, కిందా కూడా అతుక్కుంటే గుంజ దొరికినట్టే. అయినా పటం వెనక దాగేచోట సన్నమేకుతో పొడిచి చూడాలి. అరంగుళం దాటాక కర్ర అడ్డు తగలాలి. స్విచ్చిపెట్టె కూడా మామూలుగా గుంజ పక్కనే ఉంటుంది. కాని దానికి తిన్నగా పైనా, కిందా రంధ్రం వెయ్యకండి, తీగలుంటాయి.

తీరా చూస్తే మా గుంజ గోడ మధ్యకు లేదు. "మావగారి పటం ఓ మూలనా?" అంది మా ఆవిడ. చివరకు రెండు గుంజలకూ కలిపి ఒక చెక్కను రెండున్నర అంగుళాల మరమేకులతో బిగించి, దాని నడిమధ్యన పటం తగిలించాడు అబ్బాయి.

కోడలు మాత్రం పిల్ల మంచాన్ని ఎదుటి గోడకు జరిపించింది. నేను నోరెత్తలేదు.