నీళ్ల గేజి బాగానే ఉంది... మరి ఆయిల్ సంగతి?

సాలూరు దాటి సుంకి వైపు ఘాట్ ఎక్కుతున్నాం. బండి నిండా లోడు. రెండో గేరు, వేగం గంటకి 15 కిలోమీటర్లు ఉంటుందేమో. ఉన్నట్టుండి క్యాబిన్ కింద నుంచి విమానం లేస్తున్నట్టు ఒకటే హోరు. నేను కంగారుపడి మావయ్య వైపు చూశాను. ఆయన స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తీయకుండానే నవ్వాడు. "ఏటీ అవలేదు అల్లుడూ. ఫ్యానందుకుంది. ఇంజనుకి ఉక్కపోస్తంది, ఇసురుకుంటంది."

ల్యాప్‌టాప్ వేడెక్కితే ఫ్యాను మోగడం రోజూ వినే శబ్దమే నాకు. కానీ ఆ ఫ్యానుకి సెన్సర్, సాఫ్ట్‌వేర్ ఉంటాయి. చాలా లారీల్లో ఈ ఫ్యానుకి అలాంటివేం ఉండవు. ఫ్యాను మధ్యలో ఒక లోహపు చుట్ట, లోపల చిక్కటి సిలికాన్ ద్రవం. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే చుట్ట మెలి తిరిగి చిన్న దారి తెరుస్తుంది. ద్రవం అందులోకి చేరి ఫ్యానుని ఇంజన్‌తో పాటు గట్టిగా తిప్పుతుంది. ఘాట్‌లో దీని అవసరం ఎక్కువ. ఇంజన్ పూర్తి దమ్ముతో పనిచేస్తుంది, బండేమో నడక కంటే కాస్త నయం. ఎదురుగాలి ఉండదు కాబట్టి భారమంతా ఫ్యాను మీదే.

ఇదంతా నీళ్ల సంగతి. డాష్‌బోర్డు మీద ముల్లు చూపించేదీ నీళ్ల వేడినే. కానీ రెండేళ్ల కిందట మావయ్య పాత బండి ఇంజన్ పోయినప్పుడు ఆ ముల్లు మధ్యలోనే ఉంది. పోయింది ఆయిల్ వైపు నుంచి.

డీజిల్ మండితే వచ్చే శక్తిలో చక్రాలకి పనికొచ్చేది సుమారు 40 శాతం. మిగతాదంతా వేడి. కొంత పొగగొట్టంలోంచి పోతుంది, కొంత నీళ్లు మోస్తాయి. నీళ్లు వెళ్లలేని చోట్లు మాత్రం ఆయిల్ వాటా. పిస్టన్ పైభాగంలో మంట, కింద నుంచి చిన్న గొట్టాలు దాని మీదకి ఆయిల్ చిమ్ముతుంటాయి. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు కూడా తిరుగుతుంది, దాన్ని తేల్చి పట్టుకునేది పల్చటి ఆయిల్ పొరే. అంటే ఆయిల్ కేవలం జారుడు కోసం కాదు, వేడిని మోసే కూలీ కూడా. కారుకి 4 లీటర్లతో సరిపోయే ఆయిల్, పెద్ద లారీకి 15 నుంచి 30 లీటర్ల దాకా పట్టేది అందుకే.

మరి ఆ ఆయిల్‌ని చల్లబరిచేది ఎవరు? కొన్ని బైకులకి ముందు చిన్న రేడియేటర్ లాంటిది కనిపిస్తుంది కదా, అది గాలితో ఆయిల్‌ని చల్లబరుస్తుంది. లారీలో ఆయిల్ కూలర్ చాలావరకు బయటికి కనిపించదు. ఇంజన్ పక్కన ఒక మూత కింద, పల్చటి లోహపు ప్లేట్ల దొంతరలా ఉంటుంది. ప్లేట్ల లోపల ఆయిల్, చుట్టూ రేడియేటర్ నీళ్లు. వేడి ఆయిల్‌లోంచి నీళ్లలోకి, నీళ్లలోంచి రేడియేటర్ ద్వారా గాలిలోకి.

నేరుగా గాలికే పెట్టొచ్చుగా అని నాకూ అనిపించింది. కానీ ఆయిల్ మరీ చల్లగా ఉన్నా నష్టమే. చిక్కగా ఉండి సన్న దారుల్లోకి త్వరగా చేరదు. నీళ్లని థర్మోస్టాట్ 80, 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది. పొద్దున్నే నీళ్లు ముందుగా వేడెక్కి ఆయిల్‌కి వేడినిస్తాయి, ఘాట్ ఎక్కేటప్పుడు అవే వేడిని లాక్కుంటాయి. ఒకే కూలర్, రెండు పనులు. మామూలుగా ఆయిల్ 100 డిగ్రీల అటూ ఇటూ ఉంటే ఇబ్బంది లేదు. 130 దాటి అలాగే నడిస్తే పల్చబడి పొర తెగుతుంది, త్వరగా మాడిపోతుంది.

ఇక్కడే అసలు ప్రమాదం. ఆయిల్‌కీ నీళ్లకీ మధ్య గోడ అట్టముక్క కంటే పల్చన. పాత బండికి రేడియేటర్‌లో నీళ్లు తగ్గినప్పుడల్లా మావయ్య దారిలో దొరికిన బోరు నీళ్లే పోసేవాడు. బోరు నీళ్లలో సున్నం ఉంటుంది, స్టవ్ మీద గిన్నెకి పట్టే తెల్లటి పెచ్చు లాంటిది కూలర్ ప్లేట్లకీ పడుతుంది. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు. నీళ్ల ముల్లు మామూలుగానే ఉంటుంది, ఆయిల్ మాత్రం లోపల కాగుతుంటుంది. పైగా కూలెంట్ కలపని నీళ్లు తుప్పు పట్టిస్తాయి. ఏదో ఒక రోజు ప్లేటుకి చిల్లు.

చిల్లు పడ్డాక జరిగేది విచిత్రంగా ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ల ప్రెషర్ కంటే చాలా ఎక్కువ. కాబట్టి ఆయిలే నీళ్లలోకి పోతుంది, రేడియేటర్ ట్యాంకులో కాఫీరంగు మీగడలా తేలుతుంది. ఇంజన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా. నీళ్లు ఇంకా వేడిగా, ప్రెషర్‌తోనే ఉంటాయి. ఇప్పుడు అవి ఆయిల్‌లోకి దిగుతాయి. మావయ్యకి ముందు మీగడ కనిపించిందట. "పాత నీళ్లు కదా, మురికి అనుకున్నాను" అన్నాడు. ఆ తర్వాత డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగితే, బండి ఆయిల్ తినడం లేదని సంతోషించాడు కూడా. పెరిగింది నీళ్లు. వారం తిరక్కుండా బేరింగులు అరిగి ఇంజన్ పట్టేసింది. వేలల్లో పోయే కూలర్ కోసం లక్షల్లో వదిలింది, పైగా రెండు నెలల ఫైనాన్స్ కిస్తీలు ఎగిరిపోయాయి. అత్త గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

గేరు బాక్సుది వేరే కథ. మావయ్య బండిది చేత్తో మార్చే గేరు కాబట్టి లోపల ఆయిల్ చిమ్ముకుంటూ తిరుగుతుంది, పెట్టె గోడలే గాలికి చల్లబడతాయి. టార్క్ కన్వర్టర్ ఉన్న పూర్తి ఆటోమేటిక్ టిప్పర్లలో అలా కుదరదు. అక్కడ శక్తి ద్రవం ద్వారానే దాటుతుంది, జారిన ప్రతి చుట్టూ వేడే. అందుకే ఆ ద్రవానికి విడిగా కూలర్ ఉంటుంది, చాలా వాటిలో అదీ రేడియేటర్ నీళ్ల మీదే ఆధారపడుతుంది. అది చిల్లుపడితే ఎర్రటి ద్రవం గులాబీరంగు పాలలా మారుతుంది. లోపలి క్లచ్ ప్లేట్లకి అంటించిన లైనింగు ఆ నీళ్లకి నాని ఊడొస్తుంది.

దిగుడులోనూ వేడి ఉంటుందని నేను ఊహించలేదు. కొన్ని బండ్లకి రిటార్డర్ ఉంటుంది, ఆయిల్‌ని చిలికి బండిని ఆపుతుంది. లెక్క వేసి చూశాను. 40 టన్నుల లారీ 6 శాతం వాలులో గంటకి 30 కిలోమీటర్లతో దిగితే దాదాపు 200 కిలోవాట్ల శక్తిని ఎక్కడో వదిలించుకోవాలి. వందకి పైగా ఇళ్ల ఏసీలు ఒకేసారి తినే కరెంటు అది. రిటార్డర్ మీదే దిగితే అందులో చాలా భాగం ముందు ఆయిల్‌లోకి, తర్వాత నీళ్లలోకి పోతుంది. నీళ్ల పంపుని తిప్పేది ఇంజనే కాబట్టి, కింది గేరులో ఇంజన్ చుట్లు పెంచి దిగితేనే నీళ్లు చురుగ్గా తిరుగుతాయి. న్యూట్రల్‌లో దిగేవాళ్లకి ఆ అండ ఉండదు.

పైకెక్కాక హోటల్ ముందు బండి ఆగింది. నేను దిగిపోయాను, మావయ్య మాత్రం ఇంజన్ ఆపలేదు. నాలుగు నిమిషాలు అలా తిరగనిచ్చాడు. వెంటనే ఆపితే టర్బోలో ఆగిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గవుతుందట. మూత ముట్టుకోలేదు, కాలుతున్న రేడియేటర్ మూత తీస్తే ఆవిరి మొహాన కొడుతుంది. ప్లాస్టిక్ ట్యాంకు మీద ఫోన్ టార్చి వేసి, వంగి ఒకటికి రెండుసార్లు చూశాడు. కూలెంట్ పచ్చగానే ఉంది. "పద, టీ తాగుదాం" అన్నాడు.