ముక్కలు ఎక్కడ రాలాయి?

1997 ఆగస్టు 31, అర్ధరాత్రి దాటాక, పారిస్‌లోని ఆల్మా సొరంగంలో బ్రిటన్ యువరాణి డయానా ఉన్న మెర్సిడెస్ కారు పదమూడో స్తంభాన్ని గుద్దింది. ఫొటోల్లో లోకమంతా చూసింది నుజ్జయిన ఆ ముందు భాగాన్నే. దర్యాప్తు మాత్రం వెనక్కి నడిచి సొరంగం మొదట్లో ఆగింది. అక్కడ టెయిల్ లైటు ముక్కలు దొరికాయి. అవి మెర్సిడెస్‌వి కావు. మెర్సిడెస్ కుడి పక్కన చూస్తే తెల్లరంగు అంటుకుని ఉంది. రెండూ కలిపి చూస్తే అవి తెల్ల ఫియట్ ఊనో కారువని తేలింది. పగిలింది ఊనో వెనక లైటు కాబట్టి అది ముందు వెళ్తోంది, మెర్సిడెస్ వెనక నుంచి వచ్చి రాసుకుంది. స్తంభం దెబ్బ కంటే ముందు జరిగిన సంగతి ఇది. అయితే ఆ కారు ఎవరిదో ఫ్రెంచి విచారణ తేల్చలేకపోయింది. రంగు పెచ్చు బండిని చెబుతుంది, నడిపిన మనిషిని చెప్పదు.

మన రోడ్ల మీద కూడా యాక్సిడెంటయితే జనం ముందు బండ్లనే చూస్తారు. లారీ, బైకు గుద్దుకుంటే తప్పు లారీదేనని అక్కడికక్కడే తీర్పు. కానీ ఎవరు ఎవరి పక్కకు వచ్చారో చెప్పేది రోడ్డే. గుద్దిన క్షణంలో మడ్‌గార్డుల కింద పేరుకున్న ఎండు మట్టి పెళ్లలుగా రాలుతుంది. అది ఇంచుమించు గుద్దుకున్న చోటే పడుతుంది. అద్దం పెంకులు అలా కాదు, బండి వేగంతో ముందుకు ఎగిరిపోతాయి. అందుకే గాజుకుప్పను చూసి ‘ఇక్కడే గుద్దుకున్నాయి’ అంటే పొరపాటు. నలిగిన ఇనుము తారును దున్నిన గాటు ఉంటే మరీ మంచిది. బైకు పడి జారితే ఫుట్‌రెస్టు గీసిన గీత ఎక్కడ మొదలైందో చూస్తారు. చిక్కేమిటంటే, పోలీసులు వచ్చేలోపు ఎవరో ఒక మంచి మనిషి చెట్టుకొమ్మ విరిచి ఆ పెంకులన్నీ పక్కకు ఊడ్చేస్తాడు!

రాత్రి ప్రమాదాల్లో మొదటి వాదన ‘లైటు వేసుకునే వచ్చాను సార్’. దీనికి పాతకాలపు బల్బే సాక్షి. వెలుగుతున్న ఫిలమెంటు కాగి మెత్తబడి ఉంటుంది కాబట్టి దెబ్బకు సాగుతుంది, చుట్లు వదులై ఒక పక్కకు ఒరిగిపోతాయి. ఆరి ఉన్నదైతే పెళుసు, పుటుక్కున తెగుతుంది. గాజు కూడా పగిలితే ఇంకా తేట: వెలుగుతున్న తీగకు గాలి తగిలి పసుపు, తెలుపు కలిసిన బూడిద పడుతుంది, గాజు నలుసులు దాని మీద పూసల్లా కరిగి అంటుకుంటాయి. భూతద్దం చాలు. ఎల్ఈడీ లైట్లున్న బండ్లలో ఈ సాక్ష్యం దొరకదు.

రెండో వాదన ‘టైరు పేలింది సార్’. ముందే గాలి పోయి కొంత దూరం నడిచిన టైరుకు పక్కగోడ చుట్టూ అరిగిన వలయం ఉంటుంది. గుద్దడం వల్ల పోయినదైతే కోత ఒక్కచోటే ఉంటుంది, సరిగ్గా అక్కడే రిమ్ము కూడా వంగి కనిపిస్తుంది.

ఇక బ్రేకు జాడలు. పొడి తారు మీద 30 మీటర్లు జారి ఆగిన కారు వేగం గంటకు సుమారు 70 కిలోమీటర్లు. జారుతూ పోయి దేన్నయినా గుద్దిందంటే అసలు వేగం అంతకంటే ఎక్కువే. బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండ్లు ఈ జాడలు సరిగ్గా వదలవు.

బండిని తనిఖీ చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) వచ్చేసరికి బండి తరచూ స్టేషను ఆవరణలో ఉంటుంది. క్రేను గొలుసు లాగిన చోట, జేసీబీ పళ్లు దిగిన చోట కొత్త సొట్టలు పడతాయి. అవి యాక్సిడెంటు దెబ్బలు కావని ముందు ఏరి పక్కన పెట్టాలి. బండిని కదపకముందు ఎవరైనా నాలుగు వైపులా ఫోన్లో తీసిన ఫొటోలుంటే ఆ పని చాలా తేలిక.