భరోసా కేంద్రం బిడ్డకు నిజంగా భరోసా ఇస్తోందా?

పిల్లలపై లైంగిక నేరం జరిగితే చాలా ఇళ్లలో ముందు వచ్చే మాట 'ఇజ్జత్'. మొహల్లాలో తెలిస్తే ఎలా అని నోరు మూసుకుంటారు. కానీ బిడ్డ పేరు, ఫొటో, బడి, ఇంటి వివరాలు మీడియాలో రాకూడదని 2012 నాటి పోక్సో చట్టం కచ్చితంగా చెబుతోంది. పైగా నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే శిక్ష ఉంది.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. ఏ ఊరినుంచైనా 1098కి ఫోన్ చేయొచ్చు.

అయితే బోర్డు ఉన్నంత మాత్రాన సేవ అందినట్టు కాదు. కుటుంబం ఈ విషయాలు గమనించాలి.

వాంగ్మూలం ఎక్కడ తీసుకున్నారు? ఇంట్లో గానీ, బిడ్డ కోరిన చోట గానీ తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు.

పక్కన ఎవరున్నారు? అమ్మీ, అబ్బా లేదా బిడ్డ నమ్మే ఖాలా ఎవరైనా ఉండొచ్చు. బిడ్డకు ఉర్దూలోనే మాట వస్తే అనువాదకుణ్ణి పెట్టమని అడగండి. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి.

24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి పోలీసులు తెలిపారా? కేసు ముగిసేదాకా తోడుండే సహాయక వ్యక్తిని నియమించేది ఆ కమిటీయే. ఈ తోడు లేకపోతే కుటుంబం కోర్టు మెట్ల దగ్గరే అలసిపోతుంది. వాయిదాలు, బడి, బిడ్డ మనసు ఎలా ఉందో చూడాల్సింది ఆ వ్యక్తే. నెలనెలా కమిటీకి నివేదిక కూడా వెళ్లాలి.

పరిహారం గురించి చెప్పారా? తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ నమోదయ్యాక ఏ దశలోనైనా ప్రత్యేక కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. నిందితుడు దొరకకపోయినా పరిహారం అడగొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, పిల్లలకు ఆదాయ పరిమితి లేదు.

వీటిలో ఏది జరగకపోయినా తేదీతో సహా రాసిపెట్టుకుని కమిటీకి, న్యాయ సేవాధికార సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. అన్నిటికంటే పెద్ద కొలమానం ఒకటుంది: జరిగింది బిడ్డ చేత ఎన్నిసార్లు చెప్పించారు? ఆ సంఖ్య ఎంత తక్కువైతే ఆ సేవ అంత మంచిది. ఈ లెక్క ఇంట్లోవాళ్లకూ వర్తిస్తుంది. వచ్చిన ప్రతి చుట్టం ముందూ బిడ్డను మళ్లీ అడగొద్దు.