అరకిలో బరువుకు పట్టీయే ఆధారం

హోసూరు: అమెరికాలో ఉంటున్న కొడుకు పంపిన వీఆర్ హెడ్‌సెట్ అది. వచ్చిన వారం రోజులూ ఇంట్లో పండగే. పిల్లలు వంతులేసుకున్నారు. పక్కింటివాళ్లూ వచ్చి చూసిపోయారు. అవ్వకు పెట్టి సముద్రం చూపిస్తే చెయ్యి చాచి నీళ్లు తాకబోయింది. పది నిమిషాలు గడిచాయో లేదో ‘‘ఇది నా మొగాన్ని కిందికి ఈడుస్తాంది రా నాయనా, తియ్యి’’ అంది. కళ్లు తిరిగి కాదు, బొమ్మ నచ్చకా కాదు. బుగ్గల మీద ఎర్రటి గుర్తులు పడ్డాయి, మెడ పట్టేసింది. నెల తిరిగేసరికి హెడ్‌సెట్ బీరువా ఎక్కింది.

సరిహద్దు ఊళ్లలోని తెలుగిళ్లకు ఇలాంటి పెట్టెలు వస్తూనే ఉన్నాయి. బెంగళూరులో కొలువు చేసే పిల్లలు తెచ్చేవి కొన్ని, విదేశాల నుంచి దిగేవి కొన్ని. వేలకు వేలు పోసి కొన్న వస్తువు మూలన పడిందంటే తప్పు లోపలి తెరదీ, అద్దాలదీ కాకపోవచ్చు. దాన్ని తలకు పట్టి ఉంచే పట్టీ సంగతి ముందు చూడాలి.

బరువు ఎక్కడుందన్నదే లెక్క

2020లో వచ్చిన క్వెస్ట్-2 బరువు 503 గ్రాములు. 2023లో వచ్చిన క్వెస్ట్-3 బరువు 515 గ్రాములు. అరకిలో చక్కెర పొట్లమంత. చేత్తో పట్టుకుంటే ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ బరువులో ఎక్కువ భాగం ముక్కు ముందు వేలాడుతుంది. నిండు బిందె నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచిన ఆడవాళ్లు మనకు తెలుసు. అదే నీళ్ల చెంబు చెయ్యి చాచి పట్టుకోమంటే ఐదు నిమిషాలకే భుజం లాగేస్తుంది. ఇక్కడా అంతే.

పెట్టెతోపాటు వచ్చే ఎలాస్టిక్ గుడ్డపట్టీ చేసేదల్లా ముందుకు ఒరిగేదాన్ని ముఖానికేసి అదమడం. బిగిస్తే బుగ్గలు నొక్కుకుపోతాయి. వదులు చేస్తే జారిపోయి బొమ్మ మసకేస్తుంది. ఈ సంగతి కంపెనీలకు తెలియనిది కాదు. 2016లో గుడ్డపట్టీతో వైవ్‌ను అమ్మిన హెచ్‌టీసీ, మరుసటి ఏడాదే గట్టి పట్టీని విడిగా వంద డాలర్లకు అమ్మింది. అదే 2016లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ వీఆర్ 610 గ్రాములు తూగినా, నుదుటి మీద వలయంలా కూర్చునే పట్టీ ఉండటంతో బుగ్గల మీద భారం పడలేదు. అంటే బరువైన వస్తువే తేలిగ్గా అనిపించిందన్నమాట! గట్టి పట్టీని పెట్టెలోనే ఇచ్చేస్తే ధర పెరుగుతుంది. అందుకే చాలా కంపెనీలు దాన్ని విడి సరుకు చేశాయి.

కావడిలా వెనకా బరువు

విడిగా దొరికే పట్టీల్లో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి తల వెనక చక్రం తిప్పితే బిగిసే ప్లాస్టిక్ పట్టీ. రెండోది దానికే వెనకవైపు బ్యాటరీ తగిలించినది. బ్యాటరీ పెడితే మొత్తం బరువు పెరుగుతుంది కదా, హాయి ఎలా అని అనుమానం రావచ్చు. కావడి మోసినవాళ్లను అడిగితే చెబుతారు. ఒకవైపే కుండ కడితే బద్ద నిలవదు, రెండోవైపూ కడితే భుజం మీద కుదురుగా కూర్చుంటుంది. 2025 అక్టోబరులో యాపిల్ తన విజన్ ప్రో కోసం తెచ్చిన కొత్త అల్లిక పట్టీలో, వెనకవైపు బరువు కోసమే టంగ్‌స్టన్ లోహపు ముక్కలు పెట్టింది. బరువు తగ్గించడానికి తంటాలు పడే కంపెనీయే కావాలని బరువు కలిపింది.

అలాగని బ్యాటరీ పట్టీ అందరికీ సరిపడదు. మెడనొప్పి ఉన్నవాళ్లకు కలిపిన బరువూ బరువే. పడుకునో, కుర్చీకి తల ఆనించో సినిమా చూద్దామనుకుంటే వెనక గట్టి ముక్క గుచ్చుకుంటుంది. వాళ్లకు గుడ్డపట్టీయే మేలు. జడ వేసుకునేవాళ్లు, కొప్పు పెట్టుకునేవాళ్లు వెనక మధ్యలో ఖాళీ ఉన్న పట్టీ చూసుకోవాలి. నడినెత్తి మీదుగా వెళ్లే పట్టీ ఉందో లేదో తప్పక చూడాలి. బరువును పైకి ఎత్తి పట్టడానికి అది సాయపడుతుంది.

విరిగితే ఎవరు దిక్కు?

హాయి సంగతి సరే, ఎన్నాళ్లు మన్నుతుంది? పేరున్న కంపెనీదైతే చాలనుకోవడానికి లేదు. క్వెస్ట్-2తో పాటు ఫేస్‌బుక్ 49 డాలర్లకు అమ్మిన ఎలైట్ స్ట్రాప్‌కు కొద్ది వారాల్లోనే పగుళ్లు వస్తున్నాయని కొన్నవాళ్లు గోల పెట్టారు. 2020 చివర్లో కంపెనీ కొన్నాళ్లు అమ్మకాలు ఆపి, వారంటీని రెండేళ్లకు పెంచాల్సి వచ్చింది.

గట్టి ప్లాస్టిక్‌ను ఎక్కువగా విరగగొట్టేది మన తొందరే. వెనక చక్రం వదులు చేయకుండా తలకు లాగి తొడిగితే, పక్క చేతులు విచ్చుకుని పగుళ్లు పడతాయి. ముందు వదులు చేసి, హెడ్‌సెట్ ముఖానికి ఆనించి, పట్టీ వెనక్కి దించి, అప్పుడు బిగించాలి. తీసేటప్పుడూ అదే వరస.

ఊరి వాతావరణమూ తన వంతు తింటుంది. బరంపురం, యానాం, చెన్నై లాంటి తీరం ఊళ్లలో తోలులా మెరిసే రెగ్జిన్ మెత్త కొన్నాళ్లకు పొట్టు పొట్టుగా రాలుతుంది. గాలిలోని తేమ, చెమట దాని పైపొరను తినేస్తాయి. అక్కడ ఉతుక్కోగల గుడ్డ మెత్త, తుడిస్తే పోయే సిలికాన్ మెత్త నయం. బళ్లారి ఎండల్లో కారులో వదిలేస్తే ప్లాస్టిక్ సంగతి అటుంచి బ్యాటరీకే ముప్పు. వెల్‌క్రోలో వెంట్రుకలు, నూలుపోగులు చేరితే పట్టు తప్పుతుంది. పాత పళ్లబ్రష్‌తో వారానికోసారి దులిపితే సరి.

గుడ్డపట్టీకి ఇంకో సుగుణం ఉంది. ఎలాస్టిక్ సాగిపోతే వీధి చివరి టైలరు కొత్తది కుట్టిస్తాడు. ప్లాస్టిక్ చెయ్యి విరిగితే ఏ జిగురూ నిలవదు. అతికించి వాడారో, ఆట మధ్యలో మొత్తం హెడ్‌సెట్ నేల మీద ఉంటుంది. ఇరవై వేలో నలభై వేలో పెట్టిన వస్తువును రెండు వేల పట్టీకి వేలాడదీస్తున్నామని గుర్తుంటే, మరీ చవకదాని జోలికి పోరు.

ఏ మోడల్‌కు ఏది సరిపోతుందో చూసుకోవడం మరో మెలిక. క్వెస్ట్-2 పట్టీ క్వెస్ట్-3కి పట్టదు. క్వెస్ట్-3ది మాత్రం 3ఎస్‌కు పడుతుంది. క్వెస్ట్-2 అమ్మకాలు 2024లో ఆగిపోయాయి కాబట్టి దాని పట్టీలు నిల్వ ఉన్నంతవరకే. విదేశాల్లో కొన్నదానికి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో పంపేవాళ్లను ముందే కనుక్కోమనాలి. బ్యాటరీ పట్టీ తెస్తుంటే విడి బ్యాటరీని విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయకూడదు.

హోసూరు ఇంట్లో ఈసారి కొడుకు వెనక చక్రమున్న పట్టీ పంపాడు, బ్యాటరీ లేనిది. అవ్వ కొప్పు విప్పి జడ వేయించుకుంది. ఆ సాయంత్రం పిల్లల వంతు రావడానికి అరగంట పట్టింది.