పరుగుపందెమును చూచువారి ధర్మము

తక్కిన క్రీడలను చూడగోరువాడు టిక్కెట్టు కొని మైదానమునకు పోవలయును. మారథాను పందెమో, తానుగా మన పేటకు పరుగెత్తి వచ్చును. అందుచేత దానిని చూచుట వట్టి వినోదము కాదు. వాకిటికి వచ్చినవారియెడ గృహస్థుడు చూపవలసిన మర్యాదయు అందు గలదు.

హైదరాబాదునందు 2011వ సంవత్సరమున ఆరంభమైన మారథానును చూచినవారికి ఈ సంగతి విశదమే. వానకాలపు ఉక్కలో, హుస్సేనుసాగరు తీరమునుండి గచ్చిబౌలి వైపునకు, వంతెనల యెగుడుదిగుడులమీదుగా పోవు దారి యది. మొదటి వరుసవారు రెప్పపాటున కనుమరుగగుదురు. పిదప గంటలకొలది వచ్చువారు మనవంటివారే: ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు, తల నెరసినవారు. గెలుచువానికి పతకముపై ఆశ తోడుండును. వెనుకబడినవానికి వీథివారి మంచిమాటయే తోడు. సరిగా ఆ వేళకే చూపరులలో పలువురు ఇండ్లకు మరలిపోవుట శోచనీయము.

అయినను చూపరి సాయమునకు మేర గలదు. 1908 లండను ఒలింపిక్సున ఇటలీ దేశీయుడు డొరాండో పియెట్రి అందరికంటె ముందు క్రీడారంగమును ప్రవేశించియు పలుమారు కూలిపోగా, అధికారులు జాలిగొని లేవనెత్తి గీత దాటించిరి. ఆ సాయమే అపకారమై, ఆతని గెలుపు రద్దయ్యెను. 2004లో ఆథెన్సున ముందంజలోనున్న బ్రెజిలు వీరుడు వాండర్లీ డి లీమాను ప్రేక్షకుడొకడు దారిప్రక్కకు నెట్టెను. ఆతనికి తుదకు కంచు పతకమే దక్కెను. హద్దు మీరిన జాలియు, దుడుకుతనమును రెండును చేటు తెచ్చినవే. నీరందించుట, ఉత్సాహపరచుట, దారి విడుచుట: ఇంతియే చూపరి పని.

ఈ ధర్మము మన సీమకు క్రొత్త కాదు. శ్రీరామనవమికి కాలినడకన భద్రాచలమునకు పోవు భక్తులకు దారిలోని ఊళ్లవారు చలివేంద్రములు పెట్టి మజ్జిగయు పానకమును ఇత్తురు. ముందు నడచువానికొక లోటా, వెనుక నడచువానికొక లోటా యని భేదము చూపరు. ఆ మర్యాదయే పరుగువారికిని చెందవలదా? ఖమ్మము, కొత్తగూడెము, పాల్వంచ వంటి పట్టణములలో పరుగు జరుగునాడు కొంతసేపు బండి నిలిచెనని విసుగుకొనుట తగదు. రోగిని గొనిపోవు బండికి తక్షణమే దారి యీయవలెను. తక్కినవారు ఓర్పు వహింపవచ్చును.

మఱియొక ముఖ్యవిషయము గలదు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్సున 400 మీటర్ల పరుగులో కంచు పతకము గెలిచెను. చిన్ననాడు ఆమెను ఎగతాళి చేసినవారును ఊరిలో నుండిరి. మన సరిహద్దు అడవులలోని కోయగూడెములందు నేడు ఎట్టి బిడ్డలు పరుగెత్తుచున్నారో, వారిని చూచి మనము మెచ్చుచున్నామో, నవ్వుచున్నామో, ఆత్మపరీక్ష చేసికొనవలెను. భూవసతి గలవారును వర్తకులును వేదికపై కూర్చుండి బహుమతులు పంచుటతో తృప్తిపడరాదు. గూడెముల బిడ్డలకు ప్రవేశరుసుము, బూట్లు, రాకపోకల వ్యయము సమకూర్చిననాడే వారి చప్పట్లకు విలువ కలుగును.

గెలిచినవానిని మెచ్చుటకు లోకమంతయు గలదు. ఇంకను గెలువనివానికొఱకు వీథిలో నిలుచుట పౌరధర్మము.