అడుగున ఉంది అసలు సంగతి!

వంటల పుస్తకంలో 'నీళ్లు రెండు గ్లాసులు' అని అచ్చయి ఉంటుంది. పక్కనే పెన్సిలుతో 'కొత్త బియ్యమైతే ఒకటిన్నర చాలు' అని అమ్మ రాసి పెట్టుకుంటుంది. అన్నం ముద్దవకుండా కాపాడేది ఆ పెన్సిలు రాతే! మరి కంప్యూటర్ తెర మీద చదివే సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌కి అలా రాసుకునే చోటేదీ?

ఆ చోటు చూపించినవారిలో పీహెచ్‌పీ బృందాన్ని ముందు చెప్పుకోవాలి. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో విడుదల చేసిన ఈ కంప్యూటర్ భాషతో వెబ్‌సైట్లు తయారుచేస్తారు. వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ కూడా దీంతో రాసిందే. దీని మాన్యువల్లో ఒక్కో ఆదేశానికీ ఒక్కో పేజీ. ప్రతి పేజీ అడుగునా వాడకందారులు రాసిన చిట్కాలు, ఆ శీర్షిక దగ్గరే 'నోట్ రాయండి' అనే లింకు. ఖాతా తెరవక్కర్లేదు, పాస్‌వర్డుతో పనిలేదు.

ఉదాహరణకి 'స్టర్‌పాస్' అనే ఆదేశం ఉంది. వాక్యంలో ఫలానా మాట ఎక్కడుందో వెతికి చెబుతుంది. లెక్క సున్నాతో మొదలు కాబట్టి ఆ మాట మొట్టమొదటే ఉంటే జవాబు '0'. అసలు లేకపోతే 'ఫాల్స్'. సరిగా పోల్చి చూడకపోతే ప్రోగ్రాముకు రెండూ ఒకటే! ఉన్న మాటను లేదనుకుని ముందుకెళ్లిపోతుంది. మాన్యువల్ ఎంత హెచ్చరించినా, అర్ధరాత్రి తప్పెక్కడుందో తెలీక తల పట్టుకున్నవాడికి అదే గోతిలో పడి లేచినవాడు రాసిన నాలుగు లైన్లే చప్పున బుర్రకెక్కుతాయి.

తలుపు బార్లా తెరిస్తే చెత్త కూడా వస్తుంది కదా. అందుకే నోట్ రాసేవారిని అక్షరాల్లో రాసిన చిన్న లెక్క ఒకటి అడుగుతారు. మూడు, అయిదుల్లో పెద్దదేది... ఆ తరహాలో అన్నమాట. సందేహాలు, ఫిర్యాదులు ఇక్కడ రాయొద్దని ముందే చెబుతారు.

ఇంతకీ పేజీ అడుగుదాకా వెళ్లే ఓపిక ఎందరికి? దీనికో విరుగుడు 2008లో పుస్తకంగా వచ్చిన 'రియల్ వరల్డ్ హాస్కెల్' ఆన్‌లైన్ ప్రతిలో కనిపిస్తుంది. అందులో వ్యాఖ్యల లింకు పేరా పేరాకీ ఉంటుంది. ఎవరూ ఏమీ రాయకపోతే 'వ్యాఖ్యలు లేవు' అని ఉంటుంది. ఆ ఖాళీయే 'మీరు రాయండి' అని పిలిచినట్టుంటుంది! చదువుతూ ఎక్కడ ఆగిపోయారో అక్కడే చెప్పేయొచ్చు. రాసినవాళ్లకీ ఏ వాక్యం అర్థం కాలేదో ఇట్టే తెలిసిపోతుంది.

అసలు చిక్కు పాతబడిన నోట్లతోనే. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పాత ఆదేశాలను పీహెచ్‌పీ 7 నుంచి, అంటే 2015లో పూర్తిగా తీసేశారు. వాటితో రాసిన ఉదాహరణను ఇప్పుడు ఎత్తి రాసుకుంటే పనిచేయదు. అది నయం. పనిచేసేవే ఎక్కువ ప్రమాదం! వెబ్ ఫారంలో ఎవరో టైపు చేసింది నేరుగా డేటాబేస్ ప్రశ్నలో కలిపేసే నోట్‌ను నమ్మితే, ఖాతాదారుల వివరాలు దొంగల చేతికి తాళంతో సహా ఇచ్చినట్టే. అందుకే నోట్ పక్కన అది ఎన్నేళ్ల కిందటిదో కనిపించాలి. పీహెచ్‌పీ మాన్యువల్లో అది కనిపిస్తుంది. పాఠకులు ఓటు వేసేందుకు బాణం గుర్తులూ తర్వాత వచ్చాయి.

పోస్ట్‌గ్రెస్ క్యూఎల్ డేటాబేస్ వాళ్లు మరో దారి పట్టారు. ఒకప్పుడు వాళ్ల మాన్యువల్ పేజీల కిందా వ్యాఖ్యలుండేవి. వాటిని తీసేసి, తప్పు కనిపిస్తే తెలపమంటూ ఫారం పెట్టారు. సూచన నచ్చితే అసలు పాఠమే మారుతుంది, మంచిదే. కానీ ఆ సవరణ వచ్చేదాకా, అదే తప్పు దగ్గర ఆగిపోయిన రెండోవాడికి మొదటివాడు చెప్పింది ఆ పేజీలో కనపడదు.