కనబడని చుక్క చేసే పని

మీ ఇంట్లో ఇస్త్రీ పెట్టె ప్లగ్గును ఒకసారి పరిశీలించండి. దానికి మూడు పిన్నులుంటాయి. వాటిలో ఒకటి మిగతా రెండింటికన్నా లావుగా, పొడవుగా ఉంటుంది. అందుచేత ప్లగ్గు సాకెట్టులో ఒకే విధంగా పడుతుంది. తలకిందులుగా పెడదామన్నా దూరదు.

ఇదే ప్లగ్గును కంప్యూటరు తెరపై గీశామనుకోండి. చూడగానే అది ప్లగ్గని మీరు చెప్పేస్తారు. కాని కంప్యూటరుకు అది కొన్ని గీతలు, కొన్ని తలాలు మాత్రమే. సాకెట్టులోకి వెళ్ళే కొస ఏదో దానికి తెలియదు. ఆ సంగతి మనమే చెప్పాలి. అందుకని ఇంజనీర్లు తాము గీసిన భాగంపై కొన్ని ప్రత్యేకమైన చుక్కలు పెడతారు. వీటిని సంధాన బిందువులు అందాం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్ 1963లో 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రామును తన పరిశోధనగా సమర్పించాడు. అందులో కాంతి కలంతో తెరపైనే బొమ్మలు గీయవచ్చు. ఒక షడ్భుజిని గీసి, దాని ప్రతులను మూలకు మూల కలిపి తేనెపట్టు లాంటి అల్లికను తయారుచేయవచ్చు. అలా కలిపే బిందువులకు ఆయన పెట్టిన పేరు 'అటాచర్లు'. మామూలు బొమ్మలో కనిపించని ఇలాంటి గుర్తులను కావాలనుకుంటే తెరపై చూపించే ఏర్పాటు కూడా అందులో ఉంది.

చుక్కలో ఏముంటుంది?

నీళ్ళ గొట్టాన్ని మలుపు తిప్పే 'ఎల్బో'ను చూసే ఉంటారు. దాని రెండు కొసల వద్ద రెండు సంధాన బిందువులుంటాయి. ఒక్కొక్కటి మూడు సంగతులు చెబుతుంది: తాను ఎక్కడుంది, ఏ దిక్కుకు చూస్తోంది, ఎంత వ్యాసమున్న గొట్టం తనకు సరిపోతుంది. దిక్కును ఒక బాణం గుర్తు చూపుతుంది. రెండు భాగాలు కలిసినప్పుడు వాటి బాణాలు ఎదురెదురుగా ఉండాలి. ఒక బాణాన్ని పొరపాటున లోపలికి తిప్పితే, గొట్టం ఎల్బో బయట కాక దాని కడుపులో వచ్చి కూర్చుంటుంది!

ఇక్కడ మరో చిక్కుంది. గొట్టం చివర ఎల్బోను పైకి, కిందికి, పక్కకు ఎటైనా తిప్పవచ్చు. ప్లగ్గును అలా తిప్పనివ్వకూడదు. కనుక బిందువు కలిశాక తిరగవచ్చునో లేదో కూడా ముందే నిర్ణయించాలి.

దాచడం వేరు, తీసివేయడం వేరు

వందల భాగాలున్న యంత్రంలో ఈ చుక్కలన్నీ ఒకేసారి కనిపిస్తే అసలు బొమ్మే కనబడదు. అందుకని పని ముగిశాక వాటిని దాచివేస్తారు. దాచిన బిందువు కంటికి కనిపించదు గాని, తన పని తాను చేస్తూనే ఉంటుంది. దానినే తీసివేస్తే అతుకు ఊడుతుంది. గొట్టాన్ని జరిపితే ఎల్బో ఉన్నచోటే ఉండిపోతుంది. చిత్రమేమిటంటే, తెరపై ఆ రెండు బొమ్మలూ మొదట ఒకేలా కనిపిస్తాయి!

బొమ్మ సరిగా కనిపించినంత మాత్రాన దాని వెనుక సమాచారం సరిగా ఉన్నట్టు కాదు. ఎయిర్‌బస్ ఎ380 విమానం ఇందుకు సాక్ష్యం. జర్మనీలోని హాంబర్గ్‌లో తయారైన తీగల కట్టలను ఫ్రాన్సులోని టూలూజ్‌లో అమర్చబోతే పొడవు చాలలేదు. రెండు చోట్లా ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు చెందిన వేర్వేరు వెర్షన్లు వాడడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి. ఈ తీగల గొడవవల్ల 2006లో విమానాల అప్పగింత మళ్ళీ వాయిదా పడింది.

మీరే చేసి చూడండి

అట్టతో ఒక గొట్టం బొమ్మను, ఒక ఎల్బో బొమ్మను కత్తిరించండి. కొసల వద్ద ఎర్ర చుక్కలు పెట్టి, బయటికి చూసే బాణాలు గీయండి. రెండు చుక్కలనూ ఒకదానిపై ఒకటి ఉంచి గుండుసూదితో గుచ్చండి. సూది తలపై తెల్లకాగితం ముక్క అంటించి గొట్టాన్ని జరపండి. ఎల్బో కూడా వెంట వస్తుంది. ఇప్పుడు కాగితాన్ని అలాగే ఉంచి సూదిని మాత్రం లాగివేసి, మళ్ళీ జరపండి. దాచడానికీ తీసివేయడానికీ ఉన్న తేడా మీ చేతికే తెలుస్తుంది.